కవరు తీసి నాటండి

జగ్గయ్యపేట ఎరువుల షాపు కుర్రాడి బండి ఈ మధ్య వత్సవాయిలోనే తిరుగుతోందనీ, వచ్చేది బాకీల కోసం మాత్రం కాదనీ రత్తమ్మ పక్కింటావిడతో అందట. ఆవిడ బోరింగు దగ్గర ఇంకొకరికి చెప్పిందట. చివరికి ఆ మాట లక్ష్మీప్రసన్న చెవిన పడేసరికి, "పేడ పిసుక్కునే పిల్ల కోసం షావుకారు కొడుకు పడిగాపులు కాస్తున్నాడంట" అని తయారైంది.

ప్రసన్నకి నవ్వొచ్చింది. ఆ ఏడు ఆ ఇంట్లో నవ్వుకోవడానికి దొరికింది అదొక్కటే.

నిరుడు ఆమె తండ్రి భవానీప్రసాద్ తమకున్న ఒక్క ఎర్రచేలో బొప్పాయి పెట్టించాడు. కూలీలు హడావుడిలో మొక్కలతో వచ్చిన నల్ల ప్లాస్టిక్ కవర్లు కోయకుండానే మొక్కల్ని గుంటల్లో దించి మట్టి కప్పేశారు. తోటంతా పసుపుబారి, ఒరిగి, పోయింది. తవ్వి చూస్తే కవరు కవరులాగే ఉంది. లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని కుళ్ళిపోయాయి.

చేను అమ్మేస్తానని ఆ రోజు నుంచి ఆయనది ఒకటే మాట.

"ఈ ఒక్క వానాకాలం ఆగు నాన్నా. ఈసారి నేను పెడతా. అవీ బతక్కపోతే నీ ఇష్టం," అంది ప్రసన్న. ఆయన ఆగాడు.

అప్పుడే తవ్వి తీసిన కవరొకటి పట్టుకుని ఆమె పేట వెళ్ళింది. మొక్కలు కొన్న ఎరువుల షాపు కౌంటరు మీద దాన్ని దులిపింది.

"ఇది మీ సరుకేనా?"

"మాదేనండీ," అన్నాడు షావుకారు కొడుకు కిషోర్‌బాబు తిప్పి చూసి. "కవరు బానే ఉందిగా?"

"కవరు బానే ఉంది. మొక్కే చచ్చింది."

"అంటే... కోసి నాటాలండీ."

"ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పారా?"

చెప్పలేదు. మర్నాడు షాపు ముందు అట్ట ముక్క వేలాడింది: 'కవరు తీసి నాటండి'. బస్సు కిటికీలోంచి అది చూసి ప్రసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత మొదలయ్యాయి అతని రాకపోకలు. ఆమె పేడలో ఊక కలిపి, చిన్న చిన్న కుండీలు వత్తి ఎండబెడుతుంటే, అతను దూరంగా బండికి ఆనుకుని నిలబడేవాడు. వాటిల్లో పెట్టిన బొప్పాయి విత్తనాలు మొలిచాయి. అతను దగ్గరికొచ్చాడు.

"మా కవర్ల బేరానికి ఎసరు పెడుతున్నారుగా."

"మీకు పేడ వాసన పడదనుకుంటా?"

"అలవాటు చేసుకుంటున్నా."

"ఎందుకంట?"

సమయానికి వాన అందుకుంది. ఖాళీ యూరియా బస్తా నెత్తిన కప్పుకుని అతను తప్పించుకున్నాడు.

"నాటే రోజు రండి, మీకొకటి చూపిస్తా!" అని వెనకనుంచి అరిచింది ప్రసన్న.

నాటే రోజు పొద్దున్నే డ్రిప్పు సామాను కోసం ఆమె నందిగామ వెళ్ళాల్సి వచ్చింది. దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. చేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కిషోర్ ఒక్కడే సాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. మోకాళ్ళదాకా ఎర్రమట్టి, చేతిలో బ్లేడు, మొహాన వెలుగు.

"ఒక్క కూలీని కూడా ముట్టుకోనివ్వలా. అన్నీ నేనే తీసి నాటా."

"ఏం తీశారు?"

"కుండీలండీ. మీరే తిట్టారుగా, తియ్యకుండా నాటారని."

గట్టు మీద పేడ కుండీల ముక్కలు కుప్పగా ఉన్నాయి. ప్రసన్న ఒకటి చేతిలోకి తీసుకుంది. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తెల్లటి వేళ్ళు, అన్నీ మధ్యకి తెగి ఉన్నాయి.

"వీటిని తియ్యక్కర్లేదు. కుండీతోనే పెట్టెయ్యాలి. మట్టిలో అదే కరిగిపోద్ది. అందుకేగా చేసింది."

అతని చేతిలోంచి బ్లేడు జారింది.

ముసురు ఉన్నన్నాళ్ళు మొక్కలు నిలబడ్డట్టే కనపడ్డాయి. ఎండ కాయగానే తలలు వాల్చేశాయి. కిషోర్ రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. తిట్టించుకుని పోదామని.

"ఒక్క మాటన్నా అనరేంటండీ?"

"మిమ్మల్నేం అంటా? మొదటి రోజే నేను చెప్పాల్సింది. నాటేటప్పుడు మీ చెయ్యి పట్టుకుని చూపిద్దామని దాచుకున్నా," అంది ప్రసన్న, వాడిన మొక్కల వైపే చూస్తూ.

అతను చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. ఆమె గోళ్ళల్లో ఇంకా పేడే ఉంది.

భవానీప్రసాద్ రావడం ఇద్దరూ చూశారు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆయన వంగి ఒక మొక్కని రెండు వేళ్ళతో లాగాడు. ఊరికే వచ్చేసింది.

"తప్పంతా నాదేనండీ," అన్నాడు కిషోర్ లేచి. "ప్రసన్నని నాకివ్వండి. మీరు చూస్తుండండి, వచ్చే వానకి ఇద్దరం కలిసి ఈ చేలోనే మళ్ళీ నాటుతాం."

భవానీప్రసాద్ ఆ మొక్కని గట్టు మీద పడుకోబెట్టాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు.

"వచ్చే వానకి ఈ చేను మనది కాదు బాబూ."