ఉచితంగా వచ్చిన ట్యూబు

ఉమ్మి అడిగినప్పుడు రాదు. మెట్ల మూలల్లోనూ బస్సు కిటికీల్లోంచీ ధారాళంగా పడేదే, బుల్లి ప్లాస్టిక్ ట్యూబులో గీత దాకా పట్టమంటే మాత్రం నోరు పిడచకట్టుకుపోతుంది. అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదట. నురుగు లెక్కలోకి రాదట.

శత్రువులు చితకబాదినా నోరు తెరవని సీక్రెట్ ఏజెంట్ టేపు, ఆ ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాడు. కూతురు ఇంట్లోనే చేసుకునే డీఎన్ఏ టెస్టు కిట్ కొంది. ఒకటి కొంటే ఇంకోటి ఉచితం.

"నాకెందుకే ఇది?"

"ఊరికే వచ్చింది పారేస్తామా?" అంది భార్య.

ఆ ఇంట్లో ఆ మాట మీద అప్పీలు లేదు. ఉచితంగా వచ్చిన షాంపూ ప్యాకెట్ల వల్ల మూతపడని సొరుగు ఒకటి అందుకు సాక్షి. టేపు అలవాటు కొద్దీ దొంగపేరు పెట్టి ట్యూబు పంపాడు. 'బంధువులకు చూపించాలా?' అన్నచోట మాత్రం చదవకుండా టిక్కు కొట్టాడు. అందరం కొట్టేదే.

కొన్నాళ్లకి కూతురి ఫోన్ మోగింది. 'అభినందనలు! మీ తండ్రి దొరికారు.' కింద ఎవరిదో పేరు.

భార్య కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ఎవరే ఈయన?"

"నన్నడుగుతావేంటమ్మా? నువ్వు చెప్పాలి."

ఆ దొంగపేరు తనదేనని టేపు ఒప్పుకున్నాక ఆ గొడవ సర్దుకుంది. కానీ ఆ మెసేజ్ ఇంకొకళ్లు కూడా చదివారు.

"ఆ కిట్ కంపెనీ విదేశీ ముఠాది," అన్నాడు ఆఫీసులో పెద్దాయన. "మీ అమ్మాయి ద్వారా నిన్ను పట్టేశారు."

"నా ఉమ్మితో ఏం చేస్తారు సార్?"

విదేశాల్లో పనిచేసే మనవాళ్ల అసలు పేర్లు ఎక్కడా రాయకూడదన్నది డిపార్ట్‌మెంట్ పద్ధతి. అన్నీ ఒకే ఒక్క బుర్రలో ఉంటాయి. ఆ బుర్ర ఇతనిది. అందుకే టేపు అన్న ముద్దుపేరు.

"అల్జీమర్స్ రిస్క్ జీన్లు చూశారు. ఇవాళ మధ్యాహ్నం కమిటీ మీటింగ్ మధ్యలో నీ రిపోర్టు పైవాళ్లందరికీ మెయిల్‌లో వెళ్తుంది. అందరూ హడలిపోతారు. ఈయన మర్చిపోయేలోగా పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమంటారు. అక్కడికి ఎక్కితే..."

"ముఠా చేతికి చిక్కినట్టే."

"మనవాళ్లు ఒక్కరు మిగలరు. ఆ మెయిల్ ఆపు. లోపల మన మనిషి ఉంది, నెమలి."

"నా రిపోర్టులో ఏముంది సార్?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

టేపు ఏసీ మెకానిక్ వేషంలో ఆ కంపెనీకి వెళ్లాడు. గేటు దగ్గర ఐడీ ఎవరూ అడగలేదు. "ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా?" అని మాత్రం అడిగారు.

నెమలి రిజల్ట్స్ వివరించే కౌన్సెలర్. పట్టు స్కార్ఫ్, హైహీల్స్, రెండు పక్కలా జీతం.

"గ్యాస్ అయిపోయిందా?"

"లేదు, ఫిల్టర్‌కి దుమ్ము పట్టింది."

కోడ్ కుదిరింది. ఆమె తలుపు వేసింది.

"మీ రిజల్ట్ చెప్పమంటారా?"

"చెప్పండి."

"ఏపీఓఈ అని ఒక జీన్. అందులో ఈ-ఫోర్ రకం ఉంటే రిస్క్ ఎక్కువ. మీకు రెండు కాపీలున్నాయి. అమ్మగారి నుంచి ఒకటి, నాన్నగారి నుంచి ఒకటి."

"అంటే వచ్చేసినట్టేనా?"

"కాదండీ. ఇది జబ్బు ఉందని చెప్పే టెస్టు కాదు. మిగతావాళ్ల కంటే మీకు రిస్క్ బాగా ఎక్కువ, అంతే. రెండున్నా రానివాళ్లున్నారు. ఒక్కటీ లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. డాక్టర్ దగ్గర మళ్లీ టెస్టు చేయించుకోండి."

"మా అమ్మాయికి?"

నెమలి స్కార్ఫ్ కొస సర్దుకుంది. "మీ దగ్గరున్నవి రెండూ అవే కదా. ఏది ఇచ్చినా అదే. ఒకటి ఖాయం."

టేపుకి వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఎన్నో దేశాల్లో దొంగపేర్లు చెప్పాడు, అందరూ నమ్మారు. అసలు పేరు చెబితే నమ్మనిది అమ్మ ఒక్కతే. "ఎవరు బాబూ నువ్వు? మా అబ్బాయి ఇంకా రాలేదు," అనేది, అతని చెయ్యి పట్టుకునే.

"పాస్‌వర్డ్ చెప్తాను, మెయిల్ ఆపడానికి. ఒక్కసారే," అంది నెమలి. "రాసుకోకూడదు."

"నేనెప్పుడూ రాసుకోను."

సర్వర్ రూమ్. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్. టేపు టైప్ చేశాడు. సగం వచ్చింది.

మిగతా సగం రాలేదు.

కంగారా? లేక అదేనా? నిన్నటిదాకా మరుపంటే ఒట్టి మరుపే. ఇకమీదట ఏ మరుపూ ఒట్టిది కాదు.

అంకెలు సున్నాకి వచ్చేస్తున్నాయి. టేపు స్టూలెక్కి మెయిన్ లాగేశాడు. యూపీఎస్ తీగలు పీకేశాడు. లైట్లు, ఏసీ, సర్వర్, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. మెయిల్ కదల్లేదు. డిపార్ట్‌మెంట్ జీపులు వచ్చి ముఠాని ఎక్కించుకుపోయాయి.

"శభాష్ టేపూ! పాస్‌వర్డ్ కొట్టకుండా మెయిన్ లాగాలని ఎలా తట్టిందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"టైం లేదు సార్."

నెమలి పక్కనే ఉంది. ఆమెకి తెలుసు, పాస్‌వర్డ్ కొట్టేంత టైం ఉంది.

"పేర్లు భద్రమేగా?"

"భద్రమే సార్."

సాయంత్రం ఇంట్లో కూతురు పక్కన వచ్చి కూర్చుంది. "నాన్నా, ఆ కంపెనీ మూసేశారట! నా రిస్క్ రిపోర్టు ముందే డౌన్‌లోడ్ చేశాన్లే. తెరవడానికే భయంగా ఉంది. నీ దాంట్లో ఏమొచ్చింది?"

"ఉమ్మి సరిపోలేదట."

"గీత దాకా పట్టలేదా?"

"నురుగెక్కువైందట."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "నీకు ఏ పనీ సరిగా రాదు నాన్నా. పోనీ నాది రేపు పొద్దున ఇద్దరం కలిసి తెరుద్దాం."

టేపు బాల్కనీలోకి వెళ్లి పేర్లన్నీ మనసులో ఒకసారి చెప్పుకున్నాడు. అన్నీ వచ్చాయి. వాటి వెనకాలే పాస్‌వర్డ్ మిగతా సగం కూడా, ఎవరూ అడక్కుండానే వచ్చింది.

ఇప్పుడు ఆ పిల్లకి ఏం చెప్పాలి? తెరవమనా, వద్దనా? పాస్‌వర్డ్ సగం మర్చిపోయిన సంగతి పెద్దాయనకి చెబితే పేర్లన్నీ రాయించేస్తారు. చెప్పకపోతే, ఏదో ఒక రోజు... ఇది రాస్తున్న నాకేమీ తోచడం లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి రిపోర్టు చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటే, ఏం చేశారో కాస్త చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. కొంచెం తొందరగా చెప్పండి. ఎందుకు అడిగామో టేపుకి గుర్తుండగానే.