నిచ్చెన దగ్గర ఆగే వీడియో

చిన్నోడికి ముప్పై నాలుగేళ్లు. అయినా అమ్మకి చిన్నోడే. వీడియో ఎడిటింగే అతని బతుకుతెరువు. ఎవరింటి వీడియో మొరాయించినా అరగంటలో దారికి తెస్తాడని పేరు. అలాంటివాడు సొంతింటి వీడియో ముందు పొద్దుటి నుంచీ తల పట్టుక్కూర్చున్నాడు.

నాన్న పోయి ఏడాది. ఆయన నవ్వులూ మాటలూ ఒక్కచోట కూర్చి పెట్టమంది అమ్మ. కూర్చాడు. అంతా చక్కగా ఆడుతుంది. ఆ నిచ్చెన ముక్క దగ్గరికొచ్చేసరికి బొమ్మ ఆగుతుంది, ఎగిరిపడుతుంది, మళ్లీ ఆగుతుంది.

అందులో నాన్న నిచ్చెనెక్కి హాల్లో ఫ్యాను తుడుస్తూ, "పొట్ట కనపడకుండా తియ్యరా, పరువు పోతుంది," అంటాడు. ఆ తర్వాత ఇంకో పదకొండు సెకన్లు ఉండేవి. చిన్నోడు కత్తిరించి పారేశాడు. అసలు ఫైలు కూడా చెరిపేశాడు.

ఆ పదకొండు సెకన్లలో నాన్న, "ఒరేయ్, ఊగుతోంది, కాస్త పట్టుకో," అన్నాడు. "ఒక్క నిమిషం నాన్నా, షాటు బాగా వస్తోంది," అన్నాడు వీడు. నిచ్చెన జారింది. నాన్న మళ్లీ లేవలేదు.

అమ్మ ఆ రోజు పొరుగూళ్లో ఉంది. తిరిగొచ్చాక ఆవిడకేం చెప్పాడు? నీళ్లు తాగడానికి వంటింట్లోకెళ్లానన్నాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. వీడి తల నిమిరి, "నువ్వక్కడుంటే పట్టుకునేవాడివి కదరా," అని ఓదార్చింది. పాపిష్టి బుద్ధి కాకపోతే, అప్పుడే ఆవిడ కాళ్ల మీద పడి నిజం చెప్పేస్తే ఏం పోయేది?

ప్రివ్యూ నాణ్యత తగ్గించాడు. తాత్కాలిక ఫైళ్లన్నీ తీసేశాడు. తేలికపాటి కాపీలు చేసి ఆడించాడు. వేరే డిస్కుకి మార్చాడు. ఊహూఁ. పైగా ఒక్కో మరమ్మతుకీ ఆగడం ఇంకాస్త పొడుగైంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, ఆగినచోట సన్నగా చెక్క కిర్రుమంది... మెట్టు మీద ఎవరో బరువు మార్చుకున్నట్టు. గదిలో తడిగుడ్డ వాసన. తడిగుడ్డ మాత్రం ఎక్కడా లేదు.

"అయిందా చిన్నోడా?" అమ్మ వచ్చి పక్కనే కుర్చీ లాక్కుంది.

"ఇంకొంచెం బాగు చెయ్యాలమ్మా."

"ఆగినా ఫరవాలేదులే. పెట్టు."

పెట్టాడు.

ఈసారి ఎక్కడా ఆగలేదు. నాన్న నవ్వాడు. పొట్ట సంగతి చెప్పాడు. అమ్మ కూడా నవ్వింది. వీడియో కత్తిరించినచోటి అతుకు దగ్గరికొచ్చింది... బొమ్మ మారింది.

హాలే. కానీ పైనుంచి. ఫ్యాను రెక్క పక్కనుంచి కిందికి చూస్తున్నట్టు. కింద నిచ్చెన కాళ్లు. అడుగు దూరంలో చిన్నోడు, ముఖానికి అడ్డంగా కెమెరా. ఆ రోజు ఇంట్లో రెండో కెమెరా లేదు. మూడో మనిషి లేడు.

"ఒక్క నిమిషం నాన్నా..." తెరలోంచి వీడి గొంతే.

చిన్నోడు ఆపే మీట నొక్కాడు. ఆగలేదు. కరెంటు వైరు పీకేశాడు. ఆగలేదు...

అమ్మ తెర మీదికి వంగింది. ఏడవలేదు. తిట్టలేదు.

"ఎడం చెయ్యి ఖాళీగానే ఉంది కదరా," అంది మెల్లగా.

"అమ్మా, నేను..."

"ష్. ఆయన నిన్నే చూస్తున్నారు."

పదకొండు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. పైనుంచి చూస్తున్న నాన్న ఇంకా పడలేదు.