పద్నాలుగు వేల ఆరువందల కిలోల లారీ

చిలకలూరిపేట హైవే మీద, జిన్నింగ్ మిల్లు గేటు ముందు ఇన్‌ఫార్మర్ రామాంజనేయులు కుప్పకూలాడు. సైలెన్సర్ బిగించిన తుపాకీ. ఎవరికీ చప్పుడు వినపడలేదు. ప్రాణం పోయేలోపు సెల్‌ఫోన్‌లో రెండు ముక్కలు మాత్రం చెప్పగలిగాడు.

"మిర్చి లారీలో బాంబుంది సార్! బరువు పద్నాలుగు వేల రెండొందల నుంచి ఆరొందల దాకా..."

వెంటనే గుంటూరులో బ్రీఫింగ్. నిఘా విభాగం చీఫ్ ప్రేమదాసు కూర్చోలేదు.

"విదేశీ ముఠా. టార్గెట్ మిర్చి యార్డు. సీజను, వేలమంది రైతులుంటారు. ఇవాళ దారిలో కాటా వేసిన లారీల బరువులన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ రెండు అంకెల మధ్యవి ఏరండి."

ఢిల్లీ ఆఫీసు పంపిన నిపుణురాలు జ్యోతిర్మయి నల్లకళ్లద్దాలు తలపైకి నెట్టి, ఒక్క లైను కొట్టింది.

[w for w in weights if w in range(14200, 14600)]

మూడు లారీలు తేలాయి. మూడూ వెతికారు. మిరపకాయలు, తుమ్ములు తప్ప ఏమీ లేవు.

"ఉత్త పుకారండీ!" నవ్విందామె.

మిర్చి దళారీ వేషంలో, లుంగీ నిండా కారం దుమ్ముతో ఉన్న ఏజెంట్ ఖాజావలి స్క్రీన్ మీదికి వంగాడు.

"ఇదేంటి మేడమ్?"

"పైథాన్, కంప్యూటర్ భాష. మీకర్థం కాదులెండి."

"రేంజ్ చివరి అంకెని కలుపుకోదు. 14599 దగ్గరే ఆగిపోద్ది. నేర్చుకునే పిల్లలు చేసే తప్పు."

"తొందర్లో పొరపాటు..."

"పొరపాటయితే చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి ఎందుకు పోతోంది?"

మణికట్టు పట్టి మెలితిప్పాడు. పిస్టల్ నేల మీద పడింది.

"మీ లారీ సరిగ్గా ఆఖరి అంకె మీదుంది. దాన్ని జారవిడిచారు. అంతేనా?"

"నేను విదేశంలో ట్రైనింగయ్యాను!"

"నేర్పినవాళ్లని చూస్తే జాలేస్తోంది."

ఆమెను గార్డులకు అప్పగించి, నిలబడే టైపు చేశాడు.

[w for w in weights if 14200 <= w <= 14600]

ఈసారి రెండు చివరి అంకెలూ లెక్కలోకి వచ్చాయి. నాలుగో లారీ బయటపడింది. బరువు 14600. అద్దంకి నుంచి వచ్చింది.

జీపు యార్డు చేరేసరికి ఆ లారీ గేటు దగ్గర క్యూలో ఉంది. డ్రైవర్ సీట్లో లేడు. రోడ్డవతల సోడా బండి పక్కన నిలబడి జేబులోంచి రిమోట్ తీస్తున్నాడు.

ఖాజావలి వాచీ మీట నొక్కాడు. అందులోని సిగ్నల్ జామర్ పనిచేసింది. అదే క్షణంలో డ్రైవర్ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. రిమోట్‌ని అరచేతిలో కొట్టాడు.

"బ్యాటరీలు తిప్పేసి చూడరా, సన్నాసీ!" అంటూ ఖాజావలి వెనక నుంచి వాడి మెడ పట్టుకున్నాడు.

బాంబు స్క్వాడ్ బస్తాలు దించి, కింద ఇనప్పెట్టెలోని బాంబు వైర్లు కత్తిరించింది. యార్డు బతికింది. ఖాజావలి చెమట తుడుచుకున్నాడు, కారం కళ్లల్లో పడింది.

వెనక ట్రాక్టర్ మీంచి ఒక రైతు గొంతు చించుకున్నాడు.

"ఏమయ్యోయ్! బాంబో గీంబో, పక్కకి లాక్కోండి! మా సరుకు దిగొద్దా?"

ఆ రోజు ఖాజావలికి దక్కిన అభినందన అదొక్కటే.