కాలిన నాలుగో గోడ

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపు పైనున్న డిటెక్టివ్ వేదవతి ఆఫీసుకు వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. జుట్టు ఒక పక్క మాడిపోయి ఉంది.

"నన్ను బతికుండంగనే కాల్చేద్దామని చూసిన్రు మేడమ్," అన్నాడు.

పేరు అశోక్. ఫ్యాక్టరీలకు, కోల్డ్ స్టోరేజీలకు గోడలుగా నిలబెట్టే ప్యానెళ్లు అమ్ముతాడు. రెండు ఇనుప రేకుల మధ్య రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి దూదిలా తీసిన సరుకు నింపుతారు. 'మంట అంటుకోదు' అన్నదే ఆయన ప్రచారం. పెద్ద అంబర్‌పేట్ గోదాములో తన కేబిన్‌నూ ఆ ప్యానెళ్లతోనే కట్టుకున్నాడు. నిన్న మధ్యాహ్నం అందులో కునుకు తీస్తుండగా గోడ భగ్గుమంది. తలుపు గుంజితే రాలేదు. ఊపిరాడక కూలబడ్డాక ఎట్లానో తెరుచుకుంది.

"ఎవరు తెరిచారు?" అడిగింది వేదవతి.

"పొగల ఏం కనపడలే. పాక్కుంట బయటపడ్డ."

"అనుమానం ఎవరి మీద?"

"వాచ్‌మన్ యోబు. పోయినేడు హయత్‌నగర్‌ల మేం కట్టిన కోల్డ్ స్టోరేజీ కాలింది. ఆయన బిడ్డ రూబీ, నా బామ్మర్ది రాజు అండ్లనే పనిచేసేటోళ్లు. ఇద్దరూ పోయిన్రు. రాజుగాడే బీడీ తాగి అట్టపెట్టెల మీద పారేసిండు. ఆ పగ నా మీద పెట్టుకుండు."

"పోలీసులకు చెప్పారా?"

"వద్దు మేడమ్! ముందు మీరు రుజువు చెయ్యున్రి."

అంటుకోదన్న గోడ అంటుకుంది. చంపబోయారంటున్న మనిషి పోలీసులు వద్దంటున్నాడు. వేదవతి తన అసిస్టెంట్ శాంసన్ వైపు చూసింది. అతను అప్పటికే బండి తాళం అందుకున్నాడు. ఆమె చూపును బట్టి కేసు ఎంత లోతో చెప్పగలనని అతనికి గర్వం.

గోదాములో కేబిన్ గోడల్లో మూడింటికి మసి మాత్రమే పట్టింది. రేకు ఎత్తి చూస్తే లోపలి రాక్‌వూల్ చెక్కుచెదరలేదు. నాలుగో గోడలో రేకులు వంకర తిరిగి, మధ్యలో ఏమీ మిగల్లేదు. దాని కింద నేల మీద నల్లటి చుక్కలు మైనంలా గడ్డకట్టాయి. ఏసీ పైపు కోసం ఆ గోడకు చేసిన రంధ్రంలో కాలిన గుడ్డ పీలిక దొరికింది. తలుపుకు బయటివైపు ఇనుప గడియ ఉంది. అమ్మకానికి పేర్చిన దొంతరలో ఒక ప్యానెల్ అంచును శాంసన్ విప్పాడు. రాక్‌వూల్ అని ముద్ర ఉన్నా, అతని వేళ్లకు తెల్లటి థర్మకోల్ పూసలు అంటుకున్నాయి.

"నిన్న మంట లేచినప్పుడు ఎక్కడున్నారు పెద్దాయనా?" వాచ్‌మన్‌ను అడిగింది వేదవతి.

"గేటు కాడ లారీకి లోడెక్కిస్తున్నరు, ఆడనే ఉన్న. ఆ సందడిల లోపలికి ఎవరు పోయిన్రో చూడలే," అన్నాడు యోబు. లారీ డ్రైవరు ఫోన్‌లో అదే చెప్పాడు.

"ఈ గోడ కొత్తదా?"

"సొట్ట పడ్డదని ఆదివారం మార్చిన్రట. నేను చర్చికి పోయిన, చూడలే."

"రాజు మీద కోపం ఉందా?"

యోబు చేత్తో వద్దని ఆపాడు. "ఆని పేరు తియ్యకున్రి. ఆని తల్లి వజ్రమ్మ బజార్ల ఎదురైతే మొఖం మీద ఉమ్మిన."

ఎల్బీనగర్‌లోని ఇంట్లో అశోక్ భార్య మాలతి కుడి అరచేతికి కట్టుతో కనిపించింది. వ్యాపారంలో ఆమె కూడా భాగస్వామి.

"బజ్జీలు ఏస్తుంటే నూనె చిట్లింది," అంది.

"నిన్న గోదాముకు వెళ్లారా?"

"లే. ఫోనొచ్చినంకనే తెల్సింది."

మర్నాడు పొద్దున వేదవతి ముగ్గురినీ కాలిన కేబిన్ ముందుకు పిలిపించింది.

"అశోక్‌గారూ, మీ కోసం కట్టుకున్న మూడు గోడల్లో అసలైన రాక్‌వూల్ ఉంది. అందుకే అవి నిలిచాయి. నాలుగో గోడలో ఉన్నది నిప్పు తగిలితే కరిగి మండే థర్మకోల్. మీరు జనానికి అమ్మే సరుకే. ఎవరో దాన్ని దొంతరలోంచి తీయించి మీ పక్కన నిలబెట్టారు. పైపు రంధ్రంలో మండే గుడ్డ కుక్కి, బయట గడియ పెట్టారు. తర్వాత వాళ్లే తీశారు. అప్పటికి గడియ కాలిపోతోంది. చిట్లిన నూనె చేతి వెనక పడుతుంది గానీ, అరచేతికి అడ్డంగా గీత కాల్చదు. మాలతిగారూ, ఆ కట్టు విప్పుతారా?"

మాలతి విప్పింది. అరచేతిలో గడియ మందాన వాత తేలి ఉంది.

"నేనే చేసిన," అంది భర్త వైపు తిరిగి. "పోయిన నెల వాపస్ ఒచ్చిన ప్యానెల్ పగిలితే లోపల థర్మకోల్ కనపడ్డది. హయత్‌నగర్‌ల గూడ ఇదే పెట్టినవని అప్పుడు సమజైంది. నా తమ్ముడు బీడీ ముట్టేటోడే కాదు. మా అమ్మను ఊరంతా హంతకుని తల్లి అన్నది. నువ్వు మా ఇంట్ల కూసొని అన్నం తినుకుంట, ఔను రాజుదే తప్పు అన్నవ్! నువ్వు గూడ లోపల ఉండి అరవాలె అనుకున్న. అరిచినవ్. ఆ అరుపుల నాకు రాజు ఇనపడ్డడు. చెయ్యి ఆగలే, తీసిన."

"మీరు చేసిందీ నేరమే," అంది వేదవతి.

"తెల్సు. జైలుకు పోత. ఈయన గూడ రావాలె."

అశోక్ చేతులు జోడించాడు. "మేడమ్, ఇది మా ఇంటి సంగతి. ఈ సరుకు సాయంత్రంకల్ల తీసేపిస్త. ఈడనే మర్చిపోదాం."

"కాలిన గోడ కింది గడ్డ, దొంతరల ప్యానెల్ ముక్క రెండూ పొద్దున్నే అగ్నిమాపక శాఖకు ఇచ్చిన సార్," అన్నాడు శాంసన్. "పోలీసులు బయల్దేరిన్రు."

అశోక్ కారు వైపు పరుగెత్తాడు.

యోబు అప్పటిదాకా మాలతి చేతినే చూస్తున్నాడు. "అమ్మా, మీ తల్లి కాళ్లు పట్టుకోవాలె నేను," అన్నాడు. గబగబా పోయి పెద్ద గేటు మూసి, తాళం వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"తియ్ యోబూ! నీకు జీతమిచ్చేది నేను!" కారులోంచి అరిచాడు అశోక్.

"ఇన్నేండ్లు నీ గేటు కాసిన సార్," అన్నాడు యోబు. "ఇయ్యాల నా బిడ్డ కోసం కాస్తున్న."

హారన్ మోగుతూనే ఉంది. ముసలాయన కదల్లేదు. మాలతి వెళ్లి ఆయన పక్కన నిలబడింది.