మామ తిట్టిన తిట్టు

ఆండీస్ కొండల్లో నిలువుగా లేచిన రాతిగోడ, దాని అంచున ఒక్క మనిషి పట్టే దారి. బంగారం దాచిన సమాధి గుహలు వెతుక్కుంటూ ముందు దుబాసీ చుంపి, వెనక స్పెయిన్ దొర రోబ్లెస్, ఆ వెనక సైనికులు పాకుతూ ఎక్కుతున్నారు. ఒక మలుపులో బండ మీద మొక్కజొన్న కల్లు ఒలికి ఉంది. చుంపి వాళ్ళు చనిపోయిన పెద్దలకు పోసే కల్లు అది. చిన్ననాటి అలవాటు కొద్దీ చుంపి దాన్ని తొక్కకుండా, తల వంచి పక్కగా దాటింది. దొర అది చూశాడు. అక్కడే ఆగి పైన పొదలు నరికించాడు. గుహ బయటపడింది.

లోపల చుంపి మేనమామ వమాన్ కాపలా ఉన్నాడు. అతని వెనక చీకటి గదిలో, మోకాళ్ళు ముడుచుకుని, బట్టల్లో చుట్టిన ముత్తవ్వ ఎండిన దేహం. ఏటేటా ఆమెకు కొత్త బట్ట కట్టి, కల్లు పోసి, ఇంటి కబుర్లు చెప్పడం ఆ వంశాచారం.

బంగారమంతా ఇస్తే ముసలమ్మను ముట్టనని దొర శిలువ మీద ఒట్టేశాడు. చుంపి ఆ మాటలు తమ భాషలో చెప్పింది. కిందటి గుహలో కూడా ఆయన ఇలాగే ఒట్టేసి, బంగారం తీసుకుని, పెద్దల దేహాలను తగలబెట్టించాడు. చుంపి కూతురు ఆయన గుడారంలో బందీగా ఉంది. తల్లి ద్రోహం చేసిందని తెలిస్తే ఆ పిల్ల ఇక కనబడదు.

వమాన్ దొర వైపు చూడలేదు. "అమ్మీ, నువ్వు చెప్పు. ఈయన మాట మీద నిలబడతాడా?"

చుంపి తమ భాషలోనే అంది. "నిలబడడు మామా. కాల్చేస్తాడు."

ఏమంటున్నాడని దొర అడిగాడు. అవ్వకు బట్ట మార్చడానికి కాస్త వీలిమ్మంటున్నాడని చెప్పింది. దొర చూపు ఆమె మొహాన్ని వదల్లేదు. చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

వమాన్ అది గమనించాడు. లేచి వచ్చి చుంపి మొహాన ఉమ్మాడు.

"నువ్వు మా ఇంటిదానివి కాదు. నీ పేరు మేమెవరమూ తలవం. నువ్వు చస్తే నీకు కల్లుచుక్క పోసేవాడుండడు. పో, మీ దొరకి చెప్పుకో."

చుంపి ఒక్కో మాటా స్పానిష్‌లో చెప్పింది. సైనికులు పగలబడి నవ్వారు. దొర కత్తి మీంచి చెయ్యి తీసి, బట్ట మార్చి రమ్మని ముసలాణ్ణి లోపలికి పొమ్మన్నాడు.

వమాన్ నగల బుట్ట బయటికి తోసి చీకట్లోకి వెళ్ళాడు. అందరూ బుట్ట మీద పడ్డారు. ఇంతలో లోపల రాళ్ళు దొర్లిన చప్పుడు. కాగడాలతో దూసుకెళ్ళి చూస్తే ఖాళీ చాప, వెనక గోడలో పగులు. దాని అవతల, వీపున మూట కట్టుకున్న మనిషి కింద వాగు దాటి అడవిలో కలిసిపోతున్నాడు. తుపాకులు పేల్చారు, అందలేదు. ఆ మోతకు గుహ కప్పు నుంచి బండలు ఊడిపడసాగాయి. బుట్ట తీసుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడ్డారు.

దిగుతున్నప్పుడు దొర తన రుమాలిచ్చి మొహం తుడుచుకోమన్నాడు. ఇవాళ్టితో ఆమె మీద తనకు నమ్మకం కుదిరిందన్నాడు.

మామ తనను కాపాడటానికే అలా తిట్టాడా, నిజంగానే తిట్టాడా? ఆ కళ్ళల్లో ఏముందో తలచుకోబోయింది. గుర్తు రాలేదు. మామ తిడుతున్నంతసేపూ ఆమె దొర మొహమే చూస్తూ ఉంది.