దుర్గయ్య కార్ఖానల ఆవిరి

హుస్సేనీ ఆలంల దుర్గయ్య కార్ఖానా ఉన్న గల్లీల పొద్దుగూకినంక ఎవ్వరూ అడుగుపెట్టకపోయేది. వడ్రంగి దుర్గయ్య పనిచేసుకుంటనే అండ్ల పాణమిడిసిండు. అప్పటిసంది చీకటిపడితే లోపల ఎవరో నిట్టూరుస్తున్నట్టు ఇనబడతదని అనేటోళ్లు.

ఇది డెబ్బై నాలుగుల ముచ్చట. మా ఓదెలు మామ చెప్పంగ ఇన్న.

మామ రైల్వే వర్క్‌షాపుల కార్పెంటర్. ఇంట్ల రాజమణి అత్తకు ఆయాసం. పండుకుంటే ఊపిరాడదు… తెల్లారేదాక గోడకు ఆనుకొని కూసునేది. మూడు నెలలసంది ఇద్దరికీ నిద్రలేదు. ఆమె వీపుకు సరిపడ వంపుతోటి కుర్చీ చెయ్యాలనుకుండు మామ. చెక్కకు ఆవిరి పట్టే పొడుగు రేకుపెట్టె దుర్గయ్య కార్ఖానలనే ఉండె. కార్ఖానా ఉన్న ఇంటి ఓనర్ రామ్‌చందర్‌ను బతిమాలి తాళంచెవి తెచ్చుకుండు.

పగలంత డ్యూటీ, రాత్రి ఇది. నీళ్ల డ్రమ్ము కింద మంట పెట్టాలె, పెట్టెల చెక్క మెత్తబడాలె, తీసి చల్లారకముందే అచ్చుకు వంచాలె. వంచంగనే — ఫట్. ఐదు రాత్రులు, కుర్చీ వీపుకని కోసిన ఐదు చెక్కపట్టీలు ఇరిగినయ్. ఇగ ఒక్కటే మిగిలింది.

ఆరో రాత్రి మంట ముందట కూసున్న మామకు కన్నంటుకుంది.

ఉలిక్కిపడి లేస్తే… దీపం ఆరిపోయింది, డ్రమ్ము కింద నిప్పుల వెలుగే ఉంది. కార్ఖానా నిండ ఆవిరి. అండ్ల ఎవరో నిట్టూర్చిన్రు.

మామ కదల్లే. దుర్గయ్య తీస్కపోతే తీస్కపోనీ అనిపించిందట — గంత అలిసిపోయి ఉన్నడు.

ఆవిరిలకెల్లి రెండు చేతులొచ్చినయ్. తడిబట్ట చుట్టిన చేతులు. వాటిల ఆఖరి పట్టీ. వంచితే చీలకుండ దాని వెనుకదిక్కు ఇనుపరేకు కట్టి ఉంది — మామకు ఎన్నడూ తోచని పని.

"ఆ కొస పట్టు…" అన్నదొక గొంతు. "చల్లారుతది."

మామ పట్టిండు.

"గుంజకు. మెల్లగ రా…"

చెక్క అచ్చు చుట్టూ తిరిగింది… ఇరగలే.

అగ్గిపుల్ల గీకిండు మామ. తెల్లటి జుట్టు, చెమట కారుతున్న ముసలి మొఖం — దుర్గయ్య భార్య కొమురమ్మ. కార్ఖానా వెనుక అర్రలనే ఉంటదట. బయట కనబడక ఏండ్లయింది. నిద్రపట్టని రాత్రులు వెనుక తలుపు తీసుకొని వచ్చి ఆడనే చీకటి మూలకు కూసునేదట. ఐదు రాత్రులు చెక్క ఇరుగుడు ఇని, ఇగ ఓర్వలేకపోయిందట.

ఈ పని దుర్గయ్య నేర్పిండా అని మామ అడిగిండు.

"ఆయన కోసేటోడు బిడ్డా… వంచేది నేను."

కుర్చీ ఇంటికొచ్చిన రాత్రి అత్త కూసున్నకాడనే నిద్రపోయింది. మామ మాత్రం తెల్లారేదాక మేల్కొనే ఉన్నడట — ఆమె ఊపిరి ఇనుకుంట.