మాల్యాద్రి స్కాన్

"అదిగో... గట్టు మీద ఉరుకుతుండాడు సార్!"

అశోక్ టార్చి తిప్పుతాడు. ఎస్.ఐ. పెంచలకృష్ణ జీపులోంచి దూకుతాడు. చేతిలో పిస్టల్!

డాక్టర్ రెజీనా వెనకే పరుగెడుతోంది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు.

టైము ఏడు కూడా కాలేదు. విడవలూరు దాటాక సముద్రం దాకా రొయ్యల గుంటలే. ఎటు చూసినా చీకటి... నీళ్లు... మోటార్ల మోత.

ఇక్కడే ఎక్కడో ఆమె కూతురుంది. వినీల. ఎనిమిదేళ్ల పిల్ల. బడి వదిలి మూడు గంటలు దాటింది!

"వాడు పాపను ఏమన్నా చేస్తాడా మేడమ్?" పరుగు ఆపకుండానే ఎస్.ఐ. అడుగుతాడు.

"చేస్తాడు సార్! వాడికి జాలి లేదు. భయమూ లేదు. వాడి మెదడు నేనే చూసినా!"

నిజంగానే చూసింది.

నేరాలు చేసి హోమ్‌లో ఉన్న పదహారు మంది కుర్రాళ్ల మెదళ్లకు స్కాన్ తీయించింది. అమిగ్డలా అని బాదంగింజంత ముక్క ఒకటుంటుంది. భయానికీ, జాలికీ అదే ఆయువుపట్టు. పదిహేను మందికి బాగానే ఉంది. ఒక్కడికి మాత్రం కుంచించుకుపోయింది.

వాడే ఈ హెబ్రోను. వీణ్ణి బయటికి వదలొద్దని రిపోర్టు రాసింది.

ఆ పదిహేను మందిలో ఒకడైన అశోక్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఆమె మాట మీదే వాణ్ణి వదిలారు. ఇప్పుడు ఆమె ఇంట్లోనే పని. వినీలను సైకిల్ మీద బడి నుంచి తెచ్చేదీ వాడే.

నిన్న హెబ్రోను గోడ దూకి పారిపోయాడు. ఇవాళ సాయంత్రం అశోక్ రొప్పుతూ ఫోన్ చేశాడు.

"మేడమ్! హెబ్రోను గాడు పాపను గుంటల కాడికి లాక్కోని పొయ్యినాడు!"

గట్టు అయిపోయింది. ముందు కాలువ. ఆ కుర్రాడు ఆగిపోయాడు. చేతిలో గునపం!

"మాల్యాద్రీ! గునపం కింద పడెయ్యరా!" ఎస్.ఐ. అరుస్తాడు.

వాడు పలకడు. కనీసం తల తిప్పడు.

"ఆ పేరుకు వాడు పలకడు సార్! హెబ్రోను అనండి!"

"రికార్డులో మాల్యాద్రే మేడమ్. హెబ్రోను చర్చిలో పెట్టిన పేరంట!"

రెజీనా కాళ్లు ఆగిపోయాయి.

స్కాన్ రోజు... టెక్నీషియన్ లిస్టు చూసి "మాల్యాద్రి!" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. ఎవడో నవ్వుకుంటూ వెళ్లి మెషీన్‌లో పడుకున్నాడు. అద్దం ఇవతల కూర్చున్న ఆమెకు పాదాలే కనిపించాయి. చివర్లో "అశోక్!" అన్నప్పుడు మిగిలినవాణ్ణి లోపలికి తోశారు.

ఆమె సొంత అన్నకే బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. అయినా బుర్రకు తట్టలేదు! తనను తాను చంపుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

టార్చి వెలుగు హెబ్రోను మీద పడింది. గజగజ వణుకుతున్నాడు. నిక్కరు తడిసిపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

వీడికి భయం ఉంది! ఆ స్కాన్ వీడిది కాదు!

"కాల్చొద్దు సార్!" రెజీనా అరిచింది.

"అమ్మా... పాపను వాడే..."

హెబ్రోను అశోక్ వైపు చెయ్యెత్తాడు. గునపం ఉన్న చెయ్యి!

ఢాం!

హెబ్రోను వెనక్కి విరుచుకుపడ్డాడు. కాలువ నీళ్లు ఒక్కసారి ఎగిసి సర్దుకున్నాయి.

"అశోక్... పాప ఎక్కడరా?" రెజీనా వాడి చొక్కా పట్టుకుంది.

"తూములో దించి పలక మూసేసినా మేడమ్." అన్నం తిన్నానని చెప్పినంత మామూలుగా అంటాడు. "వీడు యాడ దాక్కోని చూసినాడో ఏమో. పలక తీసేదానికి గునపం తెచ్చినాడు. ఈపాటికి సముద్రం పోటు నీళ్లు తూములోకి ఎక్కుతుంటాయి."

ఎస్.ఐ. పిస్టల్ వాడి కణతకు ఆనింది. వాడు రెప్ప కూడా వెయ్యలేదు.

"ఏ తూమురా?" రెజీనా వాడి కాళ్ల మీద పడింది. "నీకు దండం పెడతా... ఏ తూము?"

"చెప్తా గదా. ముందు ఇట్టా చూడండి మేడమ్. ఆ రోజు మెషీన్‌లో ఫొటోలు చూపించి, వీటిలో భయపడే మొహం ఏదిరా అని అడిగినారే. నాకు తెలియలా."

టార్చి ఆమె మొహం మీదికి తిప్పాడు. తల పక్కకు వంచి, శ్రద్ధగా చూశాడు.

"ఇదేనా మేడమ్?"